యాక్టివాకి స్పీడు పెంచాలంటే: రోలర్లా, బోరా, బండే మార్చాలా?

"కొన్నప్పుడు 85 కొట్టేది, ఇప్పుడు 75 దగ్గరే ఆగిపోతోంది", "95 దాటించాలంటే ఏం వేయించాలి?" ఈ రెండు ప్రశ్నలూ ఒకేలా వినిపిస్తాయి గానీ ఒకటి కాదు. మొదటిది పోయిన స్పీడు తిరిగి తెచ్చుకోవడం. దానికి వెయ్యి రూపాయల అటూఇటూ చాలు. రెండోది కంపెనీ ఇవ్వని స్పీడు పుట్టించడం. అక్కడి నుంచి లెక్క వేరు. షెడ్డుల్లో ఈ రెండిటినీ కలిపేసి, బెల్టు అరిగిన బండికి వేరియేటర్ (ముందు పుల్లీ) కిట్టు అంటగడుతుంటారు.

ఇక్కడ హోండా యాక్టివా 110నే తీసుకుందాం. డియో, జూపిటర్ లాంటి మిగతా 110 సీసీ బండ్లకూ చాలావరకు ఇదే వర్తిస్తుంది.

ముందు ఒక లెక్క. గాలిని చీల్చుకుని పోవడానికి కావాల్సిన పవర్ స్పీడుతో పాటు సమానంగా పెరగదు, స్పీడు ఘనంతో పెరుగుతుంది. జీపీఎస్ మీద 83 పోయే బండిని 95కి తేవాలంటే స్పీడు పెరిగేది ఏడో వంతే, పవర్ మాత్రం దాదాపు ఒకటిన్నర రెట్లు కావాలి. 2020లో వచ్చిన యాక్టివా 6జీ ఇంజను ఇచ్చేది 8000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర 7.79 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). ఒకటిన్నర రెట్లంటే 11 పైమాటే. ఎవరైనా "200 రూపాయల రోలర్లతో 10 కి.మీ. పెరిగింది" అంటే, ఆ బండి అంతకుముందు 10 కి.మీ. పోగొట్టుకుని ఉందని అర్థం.

ఇంకో మాట. మీటరు ముల్లును నమ్మకండి, అది అసలు స్పీడు కంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. ఫోనులో జీపీఎస్ యాప్ పెట్టి, ఒకే రోడ్డు మీద రెండు వైపులా నడిపి సగటు తీయండి. ఎదురుగాలి ఒక్కటే 5 కి.మీ. మింగేస్తుంది.

పోయింది తెచ్చుకోవడం

గేర్లు లేని స్కూటర్‌లో ముందు పుల్లీ (వేరియేటర్), వెనక పుల్లీ, మధ్యలో బెల్టు. స్పీడు పెరిగేకొద్దీ ముందు పుల్లీ లోపల ఉండే రోలర్లు (చిన్న గుండ్రటి బరువులు) బయటికి జరిగి ముందు పుల్లీ పళ్లేలను దగ్గరికి నొక్కుతాయి, బెల్టు అంచు వరకు పైకి ఎక్కుతుంది. అది ఎంత పైకి ఎక్కితే అంత టాప్ స్పీడు. బెల్టు పక్కలు అరిగి వెడల్పు తగ్గితే, పళ్లేలు పూర్తిగా మూసుకున్నా బెల్టు అంచును చేరదు. ఇంజను గోల పెడుతుంది, బండి మాత్రం ముందుకు పోదు.

కనుక్కోవడం తేలిక. ఎడమవైపు కిక్కర్ ఉన్న కవరు విప్పండి. బోల్టులు ఒకే పొడవు ఉండవు, ఏది ఎక్కడిదో ఒక అట్టముక్కకు గుచ్చిపెట్టుకోండి. ముందు పుల్లీ బయటి పళ్లెం విప్పి, లోపలి ముఖాన మధ్య నుంచి అంచు దాకా మార్కర్ పెన్నుతో ఒక గీత గీయండి. బిగించి, ఫుల్ యాక్సిలరేటర్ మీద కాసేపు నడిపి మళ్లీ విప్పండి. బెల్టు తాకిన మేరకు గీత చెరిగిపోతుంది. అంచు వరకు చెరిగితే మీ బండి తనకున్న మొత్తం నిష్పత్తిని (గేర్ల బండిలో టాప్ గేరు దాకా వెళ్లినట్టు) వాడుకుంటున్నట్టు, బెల్టు, రోలర్ల దగ్గర ఇక సంపాదించేదేమీ లేదు. అంచున 4-5 మి.మీ. గీత మిగిలిపోతే మీ స్పీడు అక్కడే దాక్కుంది.

మిగిలితే చూడాల్సినవి: బెల్టు వెడల్పు (వెర్నియర్‌తో కొలిచి కొత్తదానితో పోల్చండి, మాన్యువల్‌లో కనీస కొలత ఉంటుంది), ఒకవైపు చదునైపోయిన రోలర్లు, రోలర్లు నడిచే దారుల్లో పడ్డ గాడులు, ర్యాంప్ ప్లేటు (రోలర్ల వెనక ఉండే పళ్లెం) మూలల్లో ఉండే 3 ప్లాస్టిక్ ముక్కలు. ఆ ముక్కలు అరిగితే ఐడిలింగ్‌లో గలగల శబ్దం వస్తుంది. బెల్టు, 6 రోలర్లు, ఆ ముక్కలు కలిపి ఒకేసారి మార్చేయడం మంచిది. పాత బెల్టుకు కొత్త రోలర్లు వేస్తే సగం ఫలితమే.

బిగించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఒకటుంది. వెనక పుల్లీని చేత్తో విడదీసి బెల్టును అందులోకి లోతుగా నొక్కాలి, అప్పుడు ముందువైపు బెల్టు వదులుగా ఉంటుంది. అలా చేయకుండా నట్టు బిగిస్తే బెల్టు రెండు పళ్లేల మధ్య ఇరుక్కుంటుంది, బయటి పళ్లెం క్రాంకు (ఇంజను తిప్పే ఇరుసు) పళ్లలో కూర్చోదు. నట్టు బిగిసినట్టే అనిపిస్తుంది. పది కిలోమీటర్లు పోగానే బెల్టు సర్దుకుని నట్టు వదులైపోతుంది, క్రాంకు పళ్లు కొరుక్కుపోతాయి. అప్పుడు ఇంజను దించాల్సిందే. బిగించాక పళ్లేన్ని చేత్తో తిప్పి చూడండి. బెల్టు మధ్యలో వదులుగా కదలాలి. నట్టుకు టార్క్ రెంచి వాడండి, గన్నుతో టకటకా కొట్టించకండి. పళ్లేల ముఖాల మీద గ్రీజు, నూనె చుక్క కూడా ఉండకూడదు. పెట్రోలుతో తుడిచి ఆరనివ్వండి.

ఇదంతా చేసే ముందు టైర్లలో గాలి, వెనక బ్రేకు పట్టేయకుండా చక్రం స్వేచ్ఛగా తిరగడం, ఎయిర్ ఫిల్టరు, ట్యాపెట్ సందు (వాల్వుల దగ్గర ఉండాల్సిన ఖాళీ, ఇంజను చల్లగా ఉన్నప్పుడే) చూసుకోండి. వెనక డ్రమ్ము బ్రేకు కాస్త పట్టుకుని ఉన్న బండికి ఏం మార్చినా దండగే.

రోలర్ల బరువు, వేరియేటర్ కిట్టు

తేలిక రోలర్లు వేస్తే ఇంజను ఎక్కువ ఆర్‌పీఎంలో ఉండి నిష్పత్తి ఆలస్యంగా మారుతుంది, పికప్ పెరుగుతుంది. బరువైనవి వేస్తే తొందరగా మారుతుంది, మైలేజీ కాస్త బాగుంటుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మాత్రం ఈడుస్తుంది. ఆర్‌పీఎం బరువు వర్గమూలానికి విలోమంగా పోతుంది కాబట్టి, ఉదాహరణకు 13 గ్రాములవి తీసి 12 గ్రాములవి వేస్తే 4 శాతం మార్పు, అంటే 6000 దగ్గర ఇంచుమించు 240 ఆర్‌పీఎం. అందుకే ఒకేసారి 3-4 గ్రాములు తగ్గించకండి. 1 గ్రాము చొప్పున మార్చి, అదే రోడ్డు మీద పరీక్షించండి. అర గ్రాము తేడానే కావాలంటే 3 పాతవి, 3 కొత్తవి ఒకటి విడిచి ఒకటి పెట్టవచ్చు. కొనేటప్పుడు గ్రాముల త్రాసు మీద తూచండి, డబ్బా మీది అంకెను నమ్మకండి.

టాప్ స్పీడు విషయంలో మాత్రం రోలర్ల చేతిలో ఉన్నది తక్కువ. పుల్లీ చివరి వరకు మూసుకునేది పళ్లేల కొలతను బట్టి. అక్కడికి ఎప్పుడు చేరాలో మాత్రమే రోలర్లు నిర్ణయిస్తాయి. మరీ తేలికవి వేస్తే చివరిదాకా చేరకపోవచ్చు కూడా, అప్పుడు పికప్ పెరిగి టాప్ తగ్గుతుంది. "పికప్ అదిరింది" అని మురిసిపోయేవాళ్లు జీపీఎస్ చూసుకోకపోవడం దీనివల్లే.

బయటి కంపెనీల వేరియేటర్ కిట్టు పళ్లేన్ని కొద్దిగా ఎక్కువ మూసుకునేలా చేస్తుంది. అప్పుడు నిజంగానే నిష్పత్తి పెరుగుతుంది. కానీ ఇంజనుకు లాగే సత్తువ మిగిలి ఉంటేనే అది స్పీడుగా మారుతుంది. టాప్‌లో ఆర్‌పీఎం 8000 దాటి అరుస్తుంటే ఉపయోగం, 7200 దగ్గరే చతికిలబడుతుంటే ఇంకా తగ్గిపోతుంది. తెలుసుకోవాలంటే ప్లగ్గు వైరుకు చుట్టే చిన్న ట్యాకోమీటర్ చాలు. వెనక గేర్‌బాక్సులో పళ్లు మార్చడానికీ ఇదే నియమం. కాంట్రా స్ప్రింగు (వెనక పుల్లీని దగ్గరికి నొక్కి ఉంచేది) గట్టిది వేస్తే టాప్ స్పీడు పెరగదు, బెల్టు వేడెక్కి త్వరగా పోతుంది. క్లచ్ స్ప్రింగులకు టాప్‌తో అసలు సంబంధమే లేదు.

బోరు పెంచడం

పవర్ కావాలంటే సీసీ కావాలి. పాత యాక్టివాలో (బీఎస్4 కాలుష్య నియమాల వరకు) బోరు (సిలిండరు వ్యాసం) 50 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 55.6, మొత్తం 109 సీసీ. 53 మి.మీ. పిస్టన్ వేస్తే 122 సీసీ దాటుతుంది. 6జీలో (ఇది బీఎస్6) బోరు 47, స్ట్రోక్ 63.1. దాన్ని 50 చేస్తే 124 సీసీ. రెండిట్లోనూ పెరిగేది 12-13 శాతం. మిగతావన్నీ కుదిరి పవర్ కూడా అంతే పెరిగిందనుకుందాం. ఘనమూలం తీస్తే స్పీడు పెరిగేది 4 శాతం. 83 కాస్తా 86, 87. సిలిండరు, పిస్టన్, లేతు పని, గాస్కెట్లు, కూలీ, వారం రోజులు బండి షెడ్డులో. ఇవన్నీ ఆ 4 కి.మీ. కోసం.

విజయవాడ ఆటోనగర్‌లో సిలిండరు బోరింగు చక్కగా చేసేవాళ్లకు కొదవ లేదు, అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. హెడ్డులో గది అదే ఉండి సీసీ పెరిగితే కంప్రెషన్ (గాలి, పెట్రోలు ఎన్ని రెట్లు నొక్కుకుంటాయనేది) పెరుగుతుంది. 10:1 ఉన్నది గుంట లేని పిస్టన్‌తో 11 దాటిపోతుంది. ఎండాకాలం ఫుల్ యాక్సిలరేటర్‌లో ఇంజను టకటకమంటుంది, పిస్టన్ నెత్తి కరుగుతుంది. కార్బురేటర్ బండి అయితే మెయిన్ జెట్ (పెట్రోలు వచ్చే రంధ్రం) పెద్దది వేసి, ఫుల్‌లో నడిపి, ఇంజను ఆపేసి ప్లగ్గు తీసి చూడాలి. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, ఇటుక రంగైతే సరే. బీఎస్6 బండిలో జెట్ ఉండదు. ఇంజెక్షన్‌ను నడిపే ఈసీయూ (బండిలోని చిన్న కంప్యూటర్) పాత సీసీకే లెక్క కట్టి ఉంటుంది. ఆక్సిజన్ సెన్సర్ మామూలు నడకలో సర్దుతుంది గానీ ఫుల్‌లో దాని మాట చెల్లదు. అక్కడే ఇంజను పోతుంది. ఈసీయూ మార్పు లేకుండా బీఎస్6 స్కూటర్‌కు బోరు వేయడం వద్దు. ఇది గాలితో చల్లబడే, లీటరు ఆయిలు కూడా పట్టని ఇంజనని మర్చిపోకండి.

సైలెన్సరు మాటంటారా, శబ్దం పెరుగుతుంది, 110 సీసీకి పవర్ మాత్రం లెక్కలోకి రాదు. హైదరాబాద్, విశాఖ పోలీసులు అలాంటివాటిని రోడ్డు రోలర్ కింద వేసి తొక్కించారు.

చట్టం దగ్గర కూడా బోరు వేరు. రోలర్లు, బెల్టు సర్వీసు సామాన్లు. సీసీ మాత్రం ఆర్‌సీ మీద రాసి ఉండే అంకె. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగేదీ ఇదే.

బండే మార్చడం

టీవీఎస్ ఎన్‌టార్క్ 125కు కంపెనీ చెప్పే టాప్ 95, రేస్ ఎక్స్‌పీకి 98. యమహా ఏరాక్స్ 155లో నీళ్లతో చల్లబడే 15 పీఎస్ ఇంజను, 14 అంగుళాల చక్రాలు, ముందు ఏబీఎస్. 100 దాటడం దానికి మామూలు విషయం. యాక్టివాలో చాలా మోడళ్లకు రెండువైపులా 130 మి.మీ. డ్రమ్ములు, వెనక 10 అంగుళాల చక్రం. 85 నుంచి 100కి పోతే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 40 శాతం పెరుగుతుంది. టైరు పక్కన బరువు అంకె తర్వాత "జె" అక్షరం ఉందేమో చూడండి. ఉంటే ఆ టైరు 100 కి.మీ. వరకే.

పైగా 2018 ఏప్రిల్ కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం టూవీలర్లకు నాలుగు లైన్ల రోడ్డు మీద గరిష్ఠ పరిమితి 80, ఊళ్లలో 60. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు.

కాబట్టి 75 దగ్గర ఆగిపోయిన యాక్టివా ఉంటే మార్కర్ గీత, బెల్టు, రోలర్లు. ఊళ్లో పికప్ చాలనుకుంటే 1 గ్రాము తేలిక రోలర్లు. వేరియేటర్ కిట్టు ట్యాకోమీటర్ చూశాకే. బోరు, పాత కార్బురేటర్ బండిని రోడ్డెక్కించకుండా ట్రాక్ మీద ఆడుకునేవాళ్లకు. రోజూ హైవే మీద 90 కావాల్సినవాళ్లు ఆ డబ్బును ఎక్స్ఛేంజిలో కలపండి. పాత బండి ఇచ్చేముందు కంపెనీ రోలర్లు తిరిగి వేయడం మాత్రం మరచిపోకండి, మీరు విప్పి తీసినవి ఒక డబ్బాలో దాచిపెట్టి ఉంటే.