రగ్బీ ఫైనల్: అర్ధరాత్రి మిద్దె మీద లైవా, పొద్దున్నే హైలైట్సా?

యూరప్‌లో ఫైనల్ అంటే తిరుపతిలో నిద్ర చెడినట్టే. 2023 ప్రపంచకప్ ఫైనల్ మనకు మొదలైంది రాత్రి 12:30కి.

ఖర్చు: లైవ్‌కు ప్రొజెక్టరు అద్దె, బొరుగులు, బజ్జీలు. నలుగురు పంచుకుంటే భారం కాదు. హైలైట్స్‌కు ఫోన్ డేటా చాలు.

శ్రమ: లైవ్‌కు రెండు గంటలు కూర్చోవాలి. తెర కోసం తెల్ల పంచెను నాలుగు మూలలా బిగించి కట్టండి. గాలికి ఊగితే బంతి కనబడి చావదు. హైలైట్స్ కాఫీ తాగేలోపు అయిపోతాయి.

రిస్క్: కరెంటు పోతే ఇన్వర్టరు మీద రౌటరు నడుస్తుంది, ప్రొజెక్టరు సంగతి ముందే చూసుకోవాలి. ఇంకోటి, స్ట్రీమింగ్ కొన్ని సెకన్లు వెనక ఉంటుంది. పక్క మిద్దె మీద కేక పడిందంటే మీ ట్రై (బంతిని అవతలి జట్టు గీత దాటించి నేలకు ఆనించడం) చప్పబడిపోయినట్టే. వాట్సాప్ కట్టేయండి. హైలైట్స్ వాళ్లయితే లేవగానే గ్రూపు తెరవకూడదు, అది ఎవరి వల్ల అవుతుంది?

అసలు తేడా మాత్రం కమ్‌బ్యాక్‌లో. 2011లో యూరప్ క్లబ్బుల హైనెకెన్ కప్ ఫైనల్లో ఐర్లండ్ జట్టు లెన్‌స్టర్, ఇంగ్లండ్ క్లబ్బు నార్తాంప్టన్ మీద హాఫ్‌టైముకు 6-22 వెనక. చివరికి 33-22తో గెలిచింది. లెన్‌స్టర్ ఆటగాడు సెక్స్టన్ ఒక్కడే 28 పాయింట్లు. ఫస్టాఫ్‌లో స్క్రమ్‌లో (రెండు జట్లూ ఎనిమిదేసి మంది వంగి ఒకరినొకరు నెట్టుకోవడం) నార్తాంప్టన్ తొక్కేసింది, తర్వాత లెన్‌స్టర్ తిరగబడింది. హైలైట్స్‌లో ట్రైలు కనిపిస్తాయి, స్క్రమ్‌లో ఆ తిరగబడటం కనిపించదు. పైగా 80 నిమిషాలు నిండినా బంతి డెడ్ అయ్యేదాకా (అంటే ఆటలోంచి పోయేదాకా) ఆట ఆగదు. ఆ ఉత్కంఠ పొద్దున రాదు.

పొద్దున్నే డ్యూటీ ఉన్నా, రూల్స్ కొత్తయినా హైలైట్స్. ఆదివారం సెలవు, పక్కన అరిచే జనం ఉంటే మిద్దె ఎక్కండి. కింద ఓనరు నిద్రపోతుంటే మాత్రం ఆ అరుపులు లోగొంతులోనే.