దోశ పెనం, సంగటి దబర: ముసలితనం లెక్కలో ఏది మేలు?

తిరుపతిలో పాత్రల అంగడికి పోయి దోశ పెనం అడిగితే నాన్‌స్టిక్, ఇనుము రెండూ ముందు పెడతారు. సంగటికో పులుసుకో దబర అడిగితే స్టీలుతో పాటు హిండాలియం, అంటే అల్యూమినియం కలగలుపు లోహంతో చేసినది కూడా తీస్తారు. తేలిక, చవక, అడుగంటదు. ఒంట్లో చేరి ఏళ్లతరబడి పోని పదార్థాలు మనల్ని ముందే ముసలివాళ్లను చేస్తాయేమోనన్న టెన్షన్ మాత్రం అంతా నాన్‌స్టిక్ మీదే. నన్నడిగితే వంటింట్లోంచి ముందు పోవాల్సింది ఆ హిండాలియం దబర.

నాన్‌స్టిక్ పూత పీటీఎఫ్ఈ అనే ఒక రకం ప్లాస్టిక్, 1938లో అమెరికాలో బయటపడింది. పెచ్చు ఊడి కడుపులోకి పోయినా దాదాపు అలాగే బయటికి వచ్చేస్తుంది. అసలు గొడవ దాని తయారీలో వాడుతూ వచ్చిన పీఎఫ్ఓఏ అనే రసాయనంతో. అది రక్తంలో చేరితే సగానికి తగ్గడానికే రెండు నుంచి నాలుగేళ్లు పడుతుంది. ఇలా ఏళ్లతరబడి పోని రసాయనాల మీద దేశాలు కుదుర్చుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2019లో దాన్ని నిషేధ జాబితాలో పెట్టింది. ఈ కుటుంబం రసాయనాలు రక్తంలో ఎక్కువున్న ఆడవాళ్లకు నెలసరి సుమారు రెండేళ్లు ముందే ఆగిపోయినట్టు 2020లో ఒక అమెరికా అధ్యయనం చూపింది. ఇది సంబంధం మాత్రమే, అదే కారణమని రుజువు కాలేదు. పైగా ఇవి మనలోకి ఎక్కువగా వచ్చేది నీళ్లు, తిండి, ప్యాకింగ్, ఇంటి దుమ్ము నుంచి. పెనం వాటా తక్కువే. ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి మరిచిపోతే మాత్రం 260 డిగ్రీలు దాటాక పూత చెడటం మొదలవుతుంది. సన్నసెగ మీద గుడ్డట్టుకైతే భయం లేదు. ఎర్రకారం దోశ కరకరలాడాలంటే ఆ సెగ చాలదు, అది వేరే సంగతి.

ఇక హిండాలియం. దిగుమతైన కొన్ని హిండాలియం, అల్యూమినియం, ఇత్తడి పాత్రల నుంచి తిండిలోకి సీసం దిగుతోందని 2025లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. అన్ని పాత్రలూ అలాంటివే అనలేం. కానీ ఏది మంచిదో కంటితో చూసి చెప్పలేం. మన వంట చూడండి: చింతపండు పులుసు అందులోనే కుతకుత ఉడుకుతుంది, సంగటిని తెడ్డుతో అడుగు గీరుకుపోయేలా గెలుకుతాం, తర్వాత పీచుతో తోముతాం. లోహం తిండిలో కలవడానికి ఇంతకన్నా ఏం కావాలి?

సీసం రక్తంలో ఉండేది నెల రోజుల లెక్కే. అక్కడి నుంచి ఎముకల్లోకి పోయి, బ్యాంకులో డిపాజిట్టులా దశాబ్దాలు కూర్చుంటుంది. నెలసరి ఆగాక ఆడవాళ్ల ఎముకలు పలచబడేటప్పుడు ఆ పాత సీసం మళ్లీ రక్తంలోకి వస్తుంది. బీపీ, కిడ్నీలు, జ్ఞాపకశక్తి ముందే బలహీనపడే వయసులో అది వాటి మీదే పడుతుంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో గానీ ఆగలేదు. అంటే అంతకుముందు పుట్టినవాళ్ల ఎముకల్లో ఎంతో కొంత ఉండే ఉంటుంది. దాని మీద ఇంకా వేసుకోవడం దేనికి?

అందుకే దోశకు నా ఓటు ఇనుప పెనానికే. మొదట్లో దోశ అంటుకుని విసిగిస్తుంది. అరచెక్క ఉల్లిపాయ నూనెలో ముంచి రుద్దుతూ పోతే పదునుకొస్తుంది. పులుసు మాత్రం అందులో వద్దు, నల్లబడి ఇనుము రుచి వస్తుంది. తలసేమియా లాంటి జబ్బుల వల్ల ఒంట్లో ఐరన్ పేరుకునేవాళ్లు డాక్టరునడిగి వాడాలి. పులుసుకు, చారుకు, సంగటికి అడుగు మందంగా ఉన్న స్టీలు. సంగటి కొంచెం అడుగంటుతుంది, నానబెడితే పోతుంది. చేపల పులుసుకు మెరుపు పూత లేని మట్టిచట్టి ఉంటే ఇంకా బాగు.

అన్నీ ఒకేసారి కొనే డబ్బు లేకపోతే ముందు దబర మార్చండి, నాన్‌స్టిక్ పెనాన్ని గీతలు పడేదాకా ఉండనివ్వండి. పాత దబరను పాతసామాన్లవాళ్లకు తూకానికి వేయడం నాకైతే ఇష్టం లేదు. కరిగి మళ్లీ ఎవరింటి పులుసు గిన్నెగానో వస్తుంది. మిద్దె మీద పూలమొక్కలకు నీళ్లు పోసుకోవడానికి ఉంచుకోండి.