చవక వేవ్‌మేకర్ల అయస్కాంతాలతో జాగ్రత్త

డబ్బా మీద 12,000 ఎల్‌పీహెచ్ (గంటకు లీటర్లు) అని ముద్రించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న, కంపెనీ పేరు కూడా సరిగా లేని వేవ్‌మేకర్లను (నీళ్లను కదిలించే పంపులను) రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియంలో పెట్టకండి. మేం కొన్నదాని అయస్కాంతం ఉప్పునీళ్లలో కొన్ని నెలలకే తుప్పుపట్టి ఉబ్బిపోయింది. రిటర్న్ గడువు దాటిందని అమ్మినవాళ్లు చేతులెత్తేశారు. అలాంటి సరుకే రకరకాల పేర్లతో వస్తోంది కాబట్టి గుర్తుపట్టే పద్ధతి చెబుతున్నాం.

పంపును గాజుకు పట్టి ఉంచేందుకు లోపలా బయటా అయస్కాంతాలుంటాయి, రోటర్‌లో (పంపులో తిరిగే భాగంలో) ఇంకొకటి. ఈ అయస్కాంతాల్లో ఉండే నియోడిమియం అనే లోహానికి ఉప్పునీళ్లు తగిలితే తుప్పు ఖాయం. మంచి పంపుల్లో దాన్ని ఎపాక్సీలోనో ప్లాస్టిక్‌లోనో పూర్తిగా మూసేస్తారు. చవకవాటిలో రెండు ప్లాస్టిక్ ముక్కల్ని జిగురుతో అంటించి వదిలేస్తారు. ఆ అతుకు వెంబడి వెంట్రుకంత గోధుమరంగు గీత కనిపించిందంటే నీళ్లు లోపలికి చేరినట్టే. అయస్కాంతం పూతలో సాధారణంగా నికెల్, రాగి ఉంటాయి. అవి నీళ్లలో కలిస్తే ముందు నత్తలు, రొయ్యలు చచ్చిపోతాయి, జోవాలు (పువ్వుల్లా విచ్చుకునే మెత్తటి పగడాల్లాంటి జీవులు) విచ్చుకోవడం మానేస్తాయి. అమ్మోనియా, నైట్రేట్ టెస్టుల్లో ఈ లోహాలు కనపడవు, అందుకే కారణం చాలామందికి తట్టదు.

గీత కనిపించిన రోజే పంపు తీసేయండి. జిగురు పూసి మళ్లీ పెట్టొద్దు, లోపలి తుప్పు ఆగదు. 25 శాతం నీళ్లు మార్చి, యాక్టివేటెడ్ కార్బన్‌తో పాటు లోహాలను పీల్చే రెజిన్ వేయండి. రెండు మూడు రోజులాగి మరో 25 శాతం మార్చండి.

ఇక ఆ 12,000 అంకె నిజమే అనుకున్నా మీకు అక్కర్లేదు. 200 లీటర్ల ట్యాంకులో లెదర్, జోవా లాంటి మెత్తటి పగడాలకు గంటకు ట్యాంకు నీళ్లకు 10–20 రెట్లు, అంటే 2,000–4,000 లీటర్ల కదలిక చాలు. (గట్టి పగడాలకు ఇంకా ఎక్కువ కావాలి గానీ, మన దేశంలో అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి, ఎవరు అమ్మినా కొనకండి.) ఒకే పెద్ద పంపు పెడితే ఎదురుగా ఉన్న పగడం ముడుచుకుపోతుంది, ఇసుక లేచి గుంటపడుతుంది. రాతి వెనకేమో మడ్డి పేరుకుని ఎర్రటి సయనో (సయనోబ్యాక్టీరియా) పొర కడుతుంది. రెండు చిన్న పంపుల్ని ట్యాంకు ఎదురెదురు గాజు గోడలకు, నీటిమట్టానికి కాస్త కిందుగా బిగించి, ధారలు ముందు గాజు దగ్గర కలిసేలా తిప్పండి. చిటికెడు ఫ్రోజెన్ ఫుడ్ వదిలి, అది ఎక్కడ ఆగిపోతుందో చూసి కోణం సరిచేయండి.

కొనేముందు అడగాల్సినవి: మీ గాజు మందానికి అయస్కాంతం సరిపోతుందా, రోటర్ విడిగా దొరుకుతుందా, స్పీడ్ కంట్రోలర్ ఉందా. 24 వోల్టుల డీసీ అయితే మంచిది. ఇంట్లో స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ (సాఫీ సైన్‌వేవ్ కరెంటు ఇవ్వనిది) ఉంటే కరెంటు పోయినప్పుడు ఏసీ పంపు గుయ్‌మంటూ వేడెక్కుతుంది. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి, ఆ రోజు నుంచే బకెట్ ఉప్పునీళ్లలో నడిపించండి. రిటర్న్ గడువు ముగిసేలోపు అతుకుల్ని టార్చి వేసి చూడండి. ట్యాంకు లైనుకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) తప్పనిసరి, వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వెళ్లాలి, లేకపోతే నీటిబొట్లు నేరుగా సాకెట్లోకి జారతాయి.