7తో పోతుందా? చివరి అంకె రెట్టింపా, 1001 చిట్కానా

రెట్టింపు: చివరి అంకెను తీసేసి, దానికి రెట్టింపును మిగిలినదాంట్లోంచి తీసివేయాలి. వచ్చినది 7తో పోతే (శేషం లేకుండా భాగింపబడితే) అసలు సంఖ్య కూడా పోతుంది. 413 అయితే 41 − 6 = 35. 7తో పోతుంది.

1001: ఇది 7 × 11 × 13. కుడి నుంచి మూడేసి అంకెలు విడగొట్టి, ఒకదాన్ని కలుపుతూ తర్వాతిదాన్ని తీసివేస్తూ పోవాలి. వచ్చినది 7, 11, 13లలో దేనితో పోతే అసలు సంఖ్య కూడా దానితో పోతుంది. ఏడంకెల సంఖ్యను ఎడమ నుంచి విడగొడితే లెక్క తప్పుతుంది.

582413 చూడండి.
రెట్టింపుతో నాలుగు తీసివేతలు: 58235, 5813, 575, 47. పోదని తేలింది, అంతే.
1001తో ఒక్కటే: 413 − 582 = −169. 7తో, 11తో పోదు; 13తో పోతుంది. మూడు జవాబులూ ఒక్క దెబ్బకే!

శేషం కావాలంటే రెట్టింపును నమ్మొద్దు. 47 ఇచ్చే శేషం 5, అసలుది 6. 1001 సరైనదే ఇస్తుంది, రుణ గుర్తు మరిచిపోకపోతే (169 అనుకుంటే 1 వస్తుంది).

మూడంకెలకు రెట్టింపే. ఆరు, ఆపైన అంకెలుంటే ముందు 1001తో కుదించి, మిగిలిన మూడంకెలకు రెట్టింపు వాడండి.