అమెరికాలో బంగారంతో బిల్లు కట్టాలంటే యూటా రాష్ట్రం పద్ధతా, టెక్సాస్ పద్ధతా? ఏది మేలు?

మా పాప పుట్టినరోజుకి ఒక సిల్వర్ ఈగిల్ కాయిన్ కొనిచ్చా, 31 గ్రాముల వెండి, దాని మీద వన్ డాలర్ అని ఉంటుంది. "నాన్నా, దీంతో చాక్లెట్ కొనుక్కోవచ్చా" అని అడిగింది. కొనుక్కోవచ్చు తల్లీ, గవర్నమెంట్ కొట్టిన కాయినే, కానీ షాపువాళ్ళు ఒక్క డాలరుగానే లెక్కేస్తారు, అందులో వెండి ఖరీదేమో దానికి ఎన్నో రెట్లు. ఒక ఔన్స్ గోల్డ్ ఈగిల్ మీదైతే 50 డాలర్లని ఉంటుంది, ఆ రేటుకి ఎవరిస్తారు చెప్పండి. రాష్ట్రాలు చేస్తున్న చట్టాలు ఈ చిక్కు తీర్చడానికే.

మొదలుపెట్టింది యూటా, 2011లో. రాష్ట్రాలు బంగారు, వెండి నాణేలు తప్ప ఇంకేదీ అప్పు తీర్చే డబ్బుగా పెట్టకూడదని అమెరికా రాజ్యాంగం ఆర్టికల్ 1, సెక్షన్ 10లో ఉంది కదా, దాన్ని పట్టుకుని ఫెడరల్ గవర్నమెంట్ నాణేలు మా దగ్గర లీగల్ టెండర్, అంటే చట్టం ఒప్పుకున్న డబ్బు అని రాసేశారు, వాటి మీద రాష్ట్రం పన్ను లేకుండా చేశారు. తీసుకుని తీరాలని ఎవర్నీ బలవంతపెట్టరు. బంగారం మన బీరువాలోనే ఉంటుంది, మధ్యలో ఎవరూ ఉండరు, నాకు ఇది చాలా నచ్చింది. కాకపోతే పాలప్యాకెట్ కోసం గోల్డ్ కాయిన్ విరగ్గొట్టలేం కదా!

టెక్సాస్ దారి వేరు. 2015లో చట్టం చేసి ప్రభుత్వమే బులియన్ డిపాజిటరీ, అంటే బంగారం, వెండి దాచుకునే ఖజానా పెట్టింది, 2018లో మొదలైంది, ఇప్పుడు ఆస్టిన్ పక్కన లియాండర్‌లో ఉంది, మనవాళ్ళు బోలెడంతమంది ఇళ్ళు కొనుక్కున్న ఏరియానే. 2025లో గవర్నర్ ఆబట్ సంతకం పెట్టిన కొత్త చట్టం ప్రకారం అందులో దాచిన బంగారం, వెండితో ఎలక్ట్రానిక్‌గా చెల్లించొచ్చు, అమలు 2027 మే 1 నుంచి. అంటే మన ఖాతాలోంచి గ్రాములో పదో వంతో వందో వంతో కోసుకుంటారు, అమ్మేవాళ్ళకి డాలర్లు వెళ్తాయి. అమ్మమ్మ ఇచ్చిన కాసులపేరు తీసుకెళ్ళి ఇస్తామంటే కుదరదు, బిస్కెట్లూ కాయిన్లే. ఖజానాలో పెట్టినందుకు ఫీజు కూడా ఉంటుంది, పైగా వస్తువు మన చేతిలో ఉండదు, అప్పులు ఎక్కువైన రోజు రాత్రికి రాత్రి తాకట్టు పెట్టుకునే ధైర్యం అందులో రాదు.

అయినా డబ్బుగా వాడ్డానికైతే నా ఓటు టెక్సాస్‌కే, చిల్లర లేనిది డబ్బెలా అవుతుంది? దాచుకోడానికైతే యూటా చాలు, అక్కడ స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ ఉంది కాబట్టి ఆ మినహాయింపుకి నిజంగా విలువుంది, టెక్సాస్‌లో అసలు ఆ పన్నే లేదు.

కానీ రెండు చోట్లా వాషింగ్టన్ పన్ను, అంటే ఫెడరల్ గవర్నమెంట్ పన్ను అలాగే ఉంది, జనం దీన్ని పట్టించుకోకుండా సంబరపడిపోతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఆ పన్ను వసూలు చేసే ఐఆర్ఎస్ దృష్టిలో బంగారం డబ్బు కాదు, కలెక్టిబుల్, అంటే సేకరించి దాచుకునే వస్తువు, ఏడాది దాటి ఉంచుకున్నా లాభం మీద 28 శాతం దాకా పడొచ్చు. కార్డు గీకి కందిపప్పు కొన్నా అంత బంగారం అమ్మినట్టే, ఎప్పుడు ఎంతకి కొన్నామో లెక్క చూపించాలి. అందుకే పాప కాయిన్ డబ్బాలోనే దాని రసీదు కూడా మడిచి పెట్టా.