మసక మచ్చ కోసం రెండు ఉచిత ఆర్కైవ్‌లు: కావలి నుంచి ఒక రివ్యూ

పోయిన డిసెంబర్లో కొత్తగా కొన్న ఐదంగుళాల టెలిస్కోపుని తుమ్మలపెంట బీచ్‌కి మోసుకెళ్లాను. ఉప్పుగాలికి అద్దం మీద ఊరికే తేమ పట్టేస్తుంటే తుడుచుకుంటూ, తిమింగలం మండలంలో ఎం77 గెలాక్సీని పట్టుకునేసరికి రెండు రాత్రులు పోయాయి. కనపడింది ఒక మసక మచ్చ. "దీనికా బావా ఇంత డబ్బు పోశావు" అన్నాడు మా బావమరిది. అతన్ని ఏమనగలం, దాని నడుమ భారీ కృష్ణబిలం గ్యాస్‌ని మింగుతోందని మచ్చ చూస్తే ఎలా తెలుస్తుంది.

అందుకే ఇంటికొచ్చి ఇలాంటి గెలాక్సీలను అసలెలా పట్టుకుంటారో చూద్దామని రెండు సైట్లు వాడాను.

మొదటిది స్లోన్ సర్వే, అంటే లక్షల గెలాక్సీల వెలుగుని కొలిచి పెట్టిన ఆకాశ సర్వే. డబ్బు అక్కర్లేదు, వర్ణపటం (వెలుగుని రంగులవారీగా విడదీసిన గ్రాఫ్) బ్రౌజర్లోనే తెరుచుకుంటుంది, అందులో ఏ గీత ఏ మూలకానిదో పేరు రాసి ఉంటుంది. ఆక్సిజన్ గీత హైడ్రోజన్ బీటా అనే గీతకి ఎన్ని రెట్లుందో, నైట్రోజన్ గీత హైడ్రోజన్ ఆల్ఫా అనే గీతలో ఎంతుందో లెక్కేసి, ఈ రెండు నిష్పత్తులతో గీసే 1981 నాటి బీపీటీ పటంలో చుక్క పెడితే, అది కొత్త నక్షత్రాల వెలుగా లేక కృష్ణబిలం పనా అన్నది చాలావరకు తేలుతుంది. మా డిగ్రీ పిల్లలు అరగంటలో నేర్చేసుకున్నారు. కాకపోతే దుమ్ము అడ్డమొచ్చినా, చుట్టూ నక్షత్రాల వెలుగు ఎక్కువైనా ఆ గీతలు మునిగిపోయి గెలాక్సీ ఏమీ ఎరగనట్టు కనిపిస్తుంది.

రెండోది చంద్ర, మన ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరుతో 1999లో ఎగిరిన ఎక్స్‌రే అబ్జర్వేటరీ. డేటా ఉచితమే, వాడటమే టెన్షన్. దాని సాఫ్ట్‌వేర్ లినక్స్, మ్యాక్‌ల కోసం చేసింది, నా విండోస్ లాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించడానికే ఒక ఆదివారం మొత్తం పోయింది. కానీ పడ్డ కష్టం ఊరికే పోలేదు. గట్టి (ఎక్కువ శక్తి ఉన్న) ఎక్స్‌రేలు దుమ్మును దాటుకుని వచ్చేస్తాయి, పైగా మామూలు నక్షత్రాలు అంత ఎక్స్‌రే ఇవ్వలేవు. దక్షిణాకాశంలో ఒక్క చిన్న ముక్కనే చంద్ర మొత్తం 70 లక్షల సెకన్లు చూస్తే ఎక్స్‌రే ఇచ్చే చుక్కలు వెయ్యి దాకా దొరికాయి, వాటిలో ఎక్కువ భాగం ఇలా నడుమ కృష్ణబిలం గ్యాస్‌ని మింగే గెలాక్సీలే. మరీ బలహీనమైన చుక్కయితే మాత్రం నమ్మకూడదు, జంట నక్షత్రాలు కూడా ఆమాత్రం ఎక్స్‌రే ఇస్తాయి.

తమాషా ఏంటంటే నా ఎం77 దగ్గర ఎక్స్‌రేదే ఓటమి. కృష్ణబిలం ముందున్న గ్యాస్ ఎంత చిక్కగా ఉందంటే, చంద్ర చూసే శక్తుల్లో నేరుగా వచ్చే ఎక్స్‌రే దాదాపు అంతా అక్కడే ఆగిపోయి, అటూ ఇటూ చెదిరి వచ్చిన వెలుగే మనకి మిగులుతుంది, ఆ లెక్క చూసి ఇదేదో నీరసంగా ఉందనుకుంటాం. మామూలు కాంతిలో మాత్రం గీతలు దర్జాగా ఉంటాయి, ఖగోళ శాస్త్రవేత్త సీఫర్ట్ 1943లోనే దీన్ని ఇలాంటి గెలాక్సీల జాబితాలో రాసుకున్నాడు.

కొత్తవాళ్లు స్లోన్‌తో మొదలెట్టండి, నా లెక్కలో 4 స్టార్లు. చంద్రకి డేటాకైతే 5, ఇన్‌స్టాల్ చేయడానికి 2. 2015లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో అతినీలలోహిత, ఎక్స్‌రే టెలిస్కోపులు రెండూ ఉన్నాయి కాబట్టి తర్వాతి ఆదివారం దానికే. బావమరిదికి ఈసారి మచ్చతో పాటు వర్ణపటం కూడా ఫోన్లో చూపిస్తాను.