పాదం వెడల్పు అడగని షాపుల్లో రన్నింగ్ షూస్ కొనడం

శ్రీకాకుళం జీటీ రోడ్డులో అయినా, విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల అయినా షూ షాపులో అడిగేవి రెండే ప్రశ్నలు: సైజెంత, ఎంతలో చూపించమంటారు. పాదం వెడల్పు సంగతి ఎత్తేవాళ్లు అరుదు. ఇబ్బందులు ఎక్కువగా మొదలయ్యేది అక్కడే.

చిన్నప్పట్నుంచీ ఉత్తికాళ్లతోనో హవాయి చెప్పులతోనో పొలం గట్ల మీద, ఇసకలో తిరిగిన పాదం ముందువైపు విచ్చుకుని ఉంటుంది. వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పు, మడమ దగ్గర సన్నం. షాపులో ఉండే మగవాళ్ల షూస్ దాదాపు అన్నీ 'డి' అనే మామూలు వెడల్పులోవే. చిటికెన వేలి పక్కన పట్టేస్తోందంటే "ఒక సైజు పెద్దది తీసుకో బాబూ, సరిపోద్ది" అంటారు. సరిపోదు. సైజు ఒక నంబరు పెరిగితే పొడవు సుమారు 8.5 మిల్లీమీటర్లు పెరుగుతుంది, వెడల్పు మాత్రం అందులో కొద్దిగానే. దాంతో మడమ వదులై పైకీ కిందికీ ఒరుసుకుంటుంది, పొక్కులు లేస్తాయి. పాదం ముందుకు జారి బొటనవేలు కొసకు గుద్దుకుంటే గోరు నల్లబడుతుంది. షూ వంగే చోటు కూడా వేళ్ల కీలుకి ముందుకెళ్లిపోతుంది కాబట్టి ప్రతి అడుగులో పిక్క అదనంగా లాగాలి.

సైజు పెంచకుండా వెడల్పు పెంచాలి. మగవాళ్లకి '2ఈ' అంటే వెడల్పు, '4ఈ' అంటే మరీ వెడల్పు. ఆడవాళ్ల షూస్‌లో మామూలుది 'బి', వెడల్పుది 'డి'. ఏసిక్స్, న్యూ బ్యాలెన్స్ కొన్ని మోడళ్లలో ఈ వెడల్పు రకాలు తయారుచేస్తాయి. ఇక్కడి షాపుల్లో కనబడకపోతే ఆన్‌లైన్‌లో మోడల్ పేరు పక్కన 2ఈ లేదా 'వైడ్' అని వెతకాలి. పోలీసు పరీక్షకు పరిగెత్తే అమ్మాయిలకు ఆడవాళ్ల సెక్షన్‌లో ముందువైపు బిగుతైతే, మొహమాటపడకుండా మగవాళ్ల సెక్షన్‌లో తమ పాదం పొడవుకి తగిన జత వేసి చూడాలి.

కొలత సాయంత్రం తీసుకోండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాగితాన్ని గోడకి ఆనించి పరిచి, మడమ గోడకి తగిలేలా దాని మీద నిలబడి, బరువంతా ఆ కాలి మీదే వేసి, అన్నిటికన్నా పొడవున్న వేలి దగ్గర గీత పెట్టాలి. అది బొటనవేలే కానక్కర్లేదు. రెండు పాదాలూ కొలిచి పెద్దదాన్ని లెక్కలోకి తీసుకోండి. దానికి అర నుంచి ఒక సెంటీమీటరు కలిపి, షూ నాలుక లోపలి లేబుల్ మీద సెం.మీ. అంకెతో పోల్చండి. యూకే నంబరు ఒక్కటే నమ్ముకుంటే ఆన్‌లైన్‌లో తప్పు జత వచ్చే అవకాశం ఎక్కువ: యూకే 8 అంటే చాలా కంపెనీల్లో యూఎస్ 9, అడిడాస్‌లో 8.5.

ఇక షాపులో. పరిగెత్తేటప్పుడు వేసుకునే మేజోళ్లే తీసుకెళ్లండి. ముందు షూ లోపలి అట్ట బయటికి లాగి నేల మీద పెట్టి దానిమీద నిలబడండి. వేళ్లు అంచు దాటి బయటికొస్తే ఆ జత వెనక్కిచ్చేయడమే, "వాడితే సాగుతుంది" అన్న మాట వినొద్దు. అట్ట సరిపోతే షూ వేసుకుని లేసులు కట్టాక పొడవైన వేలికి ముందు చేతి బొటనవేలి గోరంత ఖాళీ ఉండాలి, మడమ కదలకూడదు. మడమ ఒక్కటే కాస్త జారుతుంటే జత మార్చక్కర్లేదు. అన్నిటికన్నా పైన, కాస్త వెనగ్గా ఎవరూ వాడని కన్నం ఒకటి ఉంటుంది. లేసుని అదే వైపు ఆ కన్నంలోకి దూర్చి చిన్న ఉచ్చు వదలండి. అటు లేసు ఇటు ఉచ్చులోంచి, ఇటుది అటు ఉచ్చులోంచి తీసి కిందికి లాగి ముడేస్తే మడమ కుదురుకుంటుంది.

ధరల విషయానికొస్తే, 600 నుంచి 900 రూపాయల్లో దొరికే పీవీసీ సోలు జతలు నడకకే. చేతి బొటనవేలితో సోలు పక్కన నొక్కితే లోపలికి దిగదు, బరువు ఎక్కువ, వానలో సిమెంటు రోడ్డు మీద జారుతుంది. 1,200 నుంచి 2,500 మధ్య ఈవీఏ స్పంజి సోలువి వస్తాయి. వీటిలో మంచీ చెడ్డా కలిసే ఉంటాయి. రెండు చేతులా వంచి చూడండి: వేళ్ల దగ్గర వంగాలి, నడుమ మడతపడకూడదు. షూలో మడమ చుట్టూ ఉండే గిన్నె గట్టిగా ఉండాలి. మడమ కిందా వేళ్ల కిందా నల్ల రబ్బరు లేకుండా అడుగంతా స్పంజే ఉంటే తారురోడ్డు దాన్ని త్వరగా తినేస్తుంది. మా లెక్కలో అసలు లాభం, పెద్ద కంపెనీ పాత మోడల్ తగ్గింపు ధరకి 3,000 దగ్గర్లో దొరికినప్పుడు. కొత్త మోడల్‌లో మారేది చాలాసార్లు రంగూ పైగుడ్డే. సోలు లోపల గట్టి కార్బన్ పలక ఉండే ఖరీదైన రేసు షూస్ పోలీసు ఉద్యోగాల 1,600 మీటర్ల పరుగు పరీక్ష కోసం కొనడం దండగ.

చదును పాదం, అంటే అరికాలిలో వంపు లేని పాదం, గురించి ఒక మాట. తడికాలు ముద్ర చూసి 'నీకు సపోర్ట్ షూ కావాలి' అని ఖరీదైనది అంటగట్టడం మామూలే. అమెరికా సైన్యం, వాయుసేన, మెరైన్లలో కొత్తగా చేరినవాళ్లకి అరికాలి ఆకారాన్ని బట్టి షూస్ ఇచ్చి చూస్తే గాయాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఆ ఫలితాలు 2009, 2010లలో వచ్చాయి. వేసుకుని నాలుగడుగులు పరిగెత్తితే హాయిగా ఉన్న జతకే ఓటు. ఆర్మీ మెడికల్‌లో చదును పాదం చూస్తారు నిజమే, కానీ ఏ షూ వేసినా అక్కడి ఫలితం మారదు. ఆ డబ్బు డాక్టరుకి చూపించుకోడానికి వాడండి.

అక్టోబరు, నవంబరు వానల్లో తడిసిన జతని ఎండలో పెట్టొద్దు, వేడికి జిగురు వదిలి సోలు నోరు తెరుస్తుంది. అట్ట తీసి, లోపల వార్తాపత్రిక కుక్కి ఫ్యాను కింద పెట్టండి, కాగితం తడిసినప్పుడల్లా మార్చండి. వీడిన సోలుకి కుట్టు వేయిస్తే దారం స్పంజిని కోసేస్తుంది, జిగురే నయం. 500 నుంచి 800 కిలోమీటర్లకి స్పంజి చచ్చుబడుతుంది. పైన కొత్తగానే కనిపిస్తుంది, పక్కల అడ్డంగా పడ్డ ముడతలు పోకుండా నిలిచిపోతే మాత్రం పరుగుకి ఇక పనికిరాదు, సంతకి వేసుకెళ్లొచ్చు.

కొన్నాక రెండు రోజులు ఇంట్లో శుభ్రమైన గచ్చు మీదే వేసుకు తిరగండి. ట్యాగు, డబ్బా, బిల్లు దాచండి. సోలుకి మట్టి అంటితే మార్చిచ్చే షాపు దొరకడం కష్టం, కాబట్టి మార్పిడి ఎన్ని రోజుల్లోపో డబ్బు కట్టేముందే అడిగి బిల్లు మీద రాయించుకోండి.